సుత్తి చప్పుడు వినబడని మందిరము



రోలుగుంట నీకు తెలిసిన ఊరే కావచ్చును, పేరు మాత్రము విన్న ఊరైనను కావచ్చును. నర్సీపట్నమునకు సమీపమున, తూర్పు కనుమలు మైదానమునకు దిగి వచ్చు చోట అది యొక మండల కేంద్రము. పూర్వము విశాఖపట్నము జిల్లాలో నుండెను. 2022 ఏప్రిలు మొదలుకొని అనకాపల్లి జిల్లాలో నున్నది. ఊరి పేరులోనే రోలు ఉన్నది. రాతితో ఆ ప్రాంతమునకు గల సంబంధము పేరుతో ముగియలేదు. చుట్టుపట్ల కొండలలో రాతి క్వారీలు ఉన్నవి. రోడ్డుకు పరచు కంకర, ఇంటికి వేయు పునాదిరాయి, బడికిని గుడికిని కట్టు ప్రహరీగోడ, ఇవన్నియు ఇట్టి కొండలను పగులగొట్టగా వచ్చినవే. నీవు నడచు బాట క్రింద ఎవని చెమట ఉన్నదో నీవు ఎరుగవు. అది తప్పు కాదు. అయితే ఎరుగవలెనని ఎన్నడును తోచకపోవుట తప్పు. దానినిగూర్చియే నేను నీతో మాటలాడదలచితిని.

నిన్ను ఒక్క ప్రశ్న అడుగుచున్నాను. నీ ఇంటి పునాదిరాయి కొట్టినవాడు ఆ వారములో ఎన్ని గంటలు పనిచేసెను? క్వారీ యజమానుని అడిగితివా, ఎన్ని లోడులు పోయెనో, ఎంత డీజిలు ఖర్చాయెనో, ఎంత మందు పేల్చిరో ఆయన చెప్పగలడు. ట్రాక్టరువాడు ఎన్ని ట్రిప్పులు వేసెనో చెప్పగలడు. నీవు ఎన్ని రూపాయలు ఇచ్చితివో నీకు తెలియును. గంటలు మాత్రము ఎవరికిని తెలియవు. ఇంతమంది లెక్కలు వ్రాసికొనుచుండగా, మనుష్యుని ప్రాణములోనుండి పోయిన కాలమునకు మాత్రము పుస్తకము లేదు. లెక్కకు రాని గంట దొంగిలింపబడిన గంట. ఈ మాట కఠినముగా నున్నదని నీకు తోచిన యెడల, మొదట నా దొంగతనమును చెప్పెదను, వినుము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ప్రహరీగోడ కట్టదలచితిమి. ఆ సంఘము పేరు ఇక్కడ చెప్పను. తప్పు నాది, దాని పేరుతో పనిలేదు. గోడ ప్రతిష్ఠకు ఒక ఆదివారమును నిర్ణయించి, అతిథులకు కబురు పంపితిమి. రాయి చాలలేదు. మేస్త్రి మరి పది దినములు గడువు అడిగెను. నేను ఒప్పుకొనలేదు. వచ్చు సోమవారము ఉదయమునకు రాయి దిగవలెనని పట్టుపట్టితిని. ధరయు తగ్గించి మాటలాడితిని. దేవుని పనికి గనుక తగ్గించుమని అంటిని. ఆ మాట అన్నప్పుడు నా మనస్సు నన్ను గద్దింపలేదు. సోమవారము తెల్లవారునప్పటికి రాయి దిగియుండెను. మేము దేవుని స్తుతించితిమి.

అదే నెలలో సంఘపెద్దల కూటము జరిగెను. ఆరాధనకు వరుసగా రానివారి పేర్లు చదువబడెను. వానిలో ఒక సహోదరుని పేరు వచ్చెను. విశ్రాంతిదినమున పనికి పోవుచున్నాడని ఒకరు సాక్ష్యమిచ్చిరి. ఆజ్ఞను మీరినవాడు గనుక ఆయనను ప్రభువు బల్లకు దూరముగా ఉంచవలెనని తీర్మానమాయెను. తీర్మానము వ్రాసినది నా చేతితోనే. దానిని ఆయనకు చెప్పుటకు పోవలసినవాడను నేనే గనుక, ఒక సాయంకాలము ఆయన ఇంటికి పోతిని. ఆయన అప్పుడే కొండ దిగి వచ్చి, అరుగుమీద కూర్చుండి, వ్రేళ్లకు గుడ్డపేలిక చుట్టుకొనుచుండెను. కనురెప్పలమీద తెల్లని పొడి.

ఆదివారమున ఏల పనికి పోతివని నేనడిగితిని. ఆయన లేచి నిలిచి, "అయ్యగారూ, గోడకి రాయి సోమారానికి దిగాలని తమరే కదండీ సెప్పారు" అనెను. నాకు నోట మాట రాలేదు. కొంతసేపటికి, రోజుకు ఎన్ని గంటలు చేయుచుంటివని అడిగితిని. "లోడుకింత అన్నారు గానండీ, గంటకింత అననేదు. తెల్లారకముందు ఎక్కుతాం, సీకటడితే దిగుతాం. నాకు గడియారమెందుకండీ?" అనెను. అప్పుడు నా జేబులోని తీర్మానపు కాగితము నాకు నిప్పువలె తగిలెను. విశ్రాంతిదినమును మీరినవాడు ఆయన కాడు, మీరించినవాడను నేను. బల్లకు దూరముగా ఉండవలసినవాడు ఎవడో చదువరీ, నీవే తీర్పు చెప్పుము.

ఆ రాత్రి ఇంటికి వచ్చి నేను రాజుల మొదటి గ్రంథమును తెరచితిని. ఆరవ అధ్యాయము ఏడవ వచనములో సొలొమోను మందిరము కట్టబడిన విధము చెప్పబడినది. రాళ్లను కొండయొద్దనే చెక్కి సిద్ధపరచి తెచ్చిరనియు, అందువలన కట్టుచున్న స్థలమున సుత్తెగాని గొడ్డలిగాని ఏ యినుప పనిముట్టుగాని చప్పుడు చేయలేదనియు అక్కడ చదువుదుము. ఈ వచనముమీద నేను ఎన్నిసార్లో ప్రసంగించితిని. దేవుని సన్నిధిలోని నిశ్శబ్దము ఎంత మనోహరమో వర్ణించితిని. అయితే చప్పుడు లేకపోలేదు. చప్పుడు కొండలో ఉండెను. మందిరములో వినబడనందున సుత్తి లేదని తలచినవాడు మోసపోవుచున్నాడు. మన మందిరముల నిశ్శబ్దములో సగము భక్తి కావచ్చును. తక్కిన సగము దూరము.

ఇంకను వెనుకకు పోయి ఐదవ అధ్యాయమును చూడుము. గనిపనికిని అడవిపనికిని సంబంధించిన పనివేళల చిట్టా అక్కడ ఉన్నది. లెబానోనులో మ్రానులు నరకుటకు సొలొమోను ఇశ్రాయేలీయులలో ముప్పదివేలమందిని వెట్టికి పట్టెను. వారిని మూడు వంతులు చేసి, నెలకు పదివేలమంది చొప్పున పంపెను. ఒక నెల అడవిలో, రెండు నెలలు ఇంటియొద్ద. ఇది వంతు, ఇది లెక్క. తరువాత బరువులు మోయువారు డెబ్బదివేలమంది, కొండలలో రాళ్లు కొట్టువారు ఎనుబదివేలమంది అని ఉన్నది. వీరికి వంతు చెప్పబడలేదు. ఎన్ని నెలలు కొండలో, ఎన్ని నెలలు ఇంటిలో, ఒక్క మాట లేదు. వీరెవరు? దినవృత్తాంతముల రెండవ గ్రంథము రెండవ అధ్యాయము చెప్పుచున్నది: వీరు దేశములో నున్న అన్యదేశీయులు. స్వజనులకు వంతు, పరదేశులకు అంతులేని పని. చదువరీ, ఇప్పుడు మన కొండలను చూడుము. ఒరిస్సానుండి వలస వచ్చినవారు, మన్యమునుండి దిగివచ్చినవారు, మాలమాదిగ పల్లెలనుండి పోవువారు. వంతు లేనివారు ఈనాడును అట్టివారే.

ఈ కథకు ముగింపు కూడ వ్రాయబడినది. సొలొమోను మృతిపొందగా జనులు రెహబామునొద్దకు వచ్చి, నీ తండ్రి మామీద మోపిన కాడి బరువైనది, తేలిక చేయుమని వేడుకొనిరి. అతడు ఇంకను బరువు చేసెదనని కఠినముగా ఉత్తరమిచ్చెను. రాజ్యము రెండుగా చీలెను. వెట్టిపనిమీద అధికారియైన అదోరామును రాజు వారియొద్దకు పంపగా జనులు అతనిని రాళ్లతో కొట్టి చంపిరి. రాళ్లు కొట్టించినవాడు రాళ్లచేతనే కూలెను. మందిరము నిలిచెను గాని రాజ్యము నిలువలేదు.

ఇది యూదులకు మాత్రము జరిగినదనుకొందువేమో. రోలుగుంటకు పైన కనబడు ఆ కొండలనే అడుగుము. 1922లో గూడెము, చింతపల్లి మన్యములలో జనులు తిరుగబడిరి. కారణములు అనేకము: అడవి చట్టములు, పోడు వ్యవసాయముపై ఆంక్షలు, ముఠాదారుల అసంతృప్తి. వానిలో ఒకటి కూలి. నర్సీపట్నము వైపునుండి కొండలమీదికి బాట వేయించుచు, గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను మన్యపువారిచేత చాలీచాలని కూలికి బలవంతముగా పనిచేయించెనను ఫిర్యాదు చరిత్రలో నిలిచియున్నది. ఆ సంవత్సరము ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి పోలీసు ఠాణాపై పడిరి. 1924 మే 7న ఆయన చంపబడెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. ఆయుధమును పొగడుటకు నేను దీనిని చెప్పలేదు. రెహబాము చెవికి ఎక్కని మొర ఎక్కడికి పోవునో ఈ ప్రాంతమువారికి వేరొకరు నేర్పనక్కరలేదని మాత్రము చెప్పుచున్నాను.

ఇప్పుడు అసలు మాటకు వచ్చెదను. లెక్కలు రెండు విధములు. నిర్గమకాండము ఐదవ అధ్యాయములో ఫరో లెక్క ఉన్నది. అతడు ఇటుకలను లెక్కపెట్టెను. గడ్డి ఇయ్యక, వారే పోయి ఏరుకొని తెచ్చుకొనవలెననెను. ఇటుకల లెక్కలో ఒకటియు తగ్గరాదనెను. ఎన్ని గంటలు పట్టునని అతడు అడుగలేదు. అడిగితే లెక్క తప్పును. అదే లెక్క ఈనాడు లోడుకింత, టన్నుకింత అను పేరుతో నడచుచున్నది. మన ప్రాంతపు సరుగుడు, జామాయిలు తోటలలో మ్రానులు నరుకు ముఠాలకును టన్నుకింత అనియే బేరము. రాయి పలుచనగా నున్నను గట్టిగా నున్నను, గొడ్డలి మొద్దుబారినను, వాన వచ్చినను, లోడు లోడే, టన్ను టన్నే. నష్టపడు కాలమంతయు కూలివాని ఖాతాలోనిది.

దేవుని లెక్క వేరు. ఆయన తన జనులను ఇటుకల బట్టీనుండి విడిపించి అరణ్యములోనికి తెచ్చి, దినములను లెక్కపెట్టుట నేర్పెను. ఆరు దినములు పని, ఏడవది విశ్రాంతి. ద్వితీయోపదేశకాండము ఐదవ అధ్యాయములో ఆ ఆజ్ఞకు కారణము ఏమని చెప్పబడెనో జాగ్రత్తగా చదువుము. నీవు ఐగుప్తులో దాసుడవై యుంటివని జ్ఞాపకము చేసికొనుము అని యున్నది. నీవు మాత్రమే విశ్రమింపుమని అక్కడ లేదు. నీ దాసుడును దాసియు, నీ ఎద్దును గాడిదయు, నీ యింటనున్న పరదేశియు నీవలెనే విశ్రమింపవలెనని యున్నది. కాబట్టి నీవు శుభ్రమైన బట్టలు ధరించి మందిరములో కూర్చుండుటతో విశ్రాంతిదినము ఆచరింపబడలేదు. నీకొరకు పనిచేయువాడు కొండ ఎక్కియున్నంతవరకు నీ విశ్రాంతిదినము సగము మాత్రమే.

లోకపు చట్టములు కూడ ఆలస్యముగానైనను ఈ త్రోవనే నడచినవి. 1919లో వాషింగ్టనులో కూడిన అంతర్జాతీయ కార్మిక మహాసభ పరిశ్రమలలోను గనులలోను దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని ఒడంబడిక చేసెను. అయితే అందులోనే బ్రిటిషు ఇండియాకు వేరు నిబంధన పెట్టి, మన గనివానికి 60 గంటలు అనెను. తెల్లవాని వెన్నెముకకు 48, నల్లవాని వెన్నెముకకు 60! 1923నాటి గనుల చట్టము నేలపైని పనికి వారమునకు 60 గంటలు, భూగర్భములోని పనికి 54 గంటలు హద్దు పెట్టి, వారమునకు ఆరు దినములకు మించి పని చేయింపరాదనెను. 1952నాటి చట్టము ఆ హద్దును 48 గంటలకు దింపెను. నేలపైన దినమునకు 9, భూగర్భములో 8 గంటలనెను. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇయ్యవలెననెను. ఆ చట్టము స్థానమున వచ్చిన వృత్తి భద్రతా స్మృతి 2020లో చేయబడి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. అందులోను దినమునకు 8 గంటలు, వారమునకు ఆరు దినములు, అదనపు గంటకు రెట్టింపు కూలి అనునవి నిలిచియున్నవి. ఏడవ దినపు విశ్రాంతి మన గనులలో నూరు సంవత్సరములకు పైబడి చట్టమైయున్నదని నీవు ఎరుగుదువా? నా సంఘములో ఎవరును ఎరుగరు. నేనును ఎరుగనైతిని.

చిన్న క్వారీలకు ఆ చట్టము పట్టదు అని కొందరందురు. 1952నాటి చట్టములో రాయి, కంకర మొదలైనవాటి చిన్న త్రవ్వకములకు మినహాయింపు ఉండిన మాట నిజమే. అయితే దానికి షరతులు మూడు: లోతు ఎక్కడను ఆరు మీటర్లు మించరాదు, ఏ దినమునను ఏబదిమందికి మించి పనిచేయరాదు, పేలుడు మందు వాడరాదు. కొండను మందుతో పేల్చి, నేను చిన్నవాడనని చెప్పుకొనుట ఆనాడును చెల్లలేదు. సింగరేణి బొగ్గు గనిలో మస్టరు పడును, షిఫ్టు మారును. ఎప్పుడు దిగెనో ఎప్పుడు ఎక్కెనో వ్రాతలో ఉండును. ఆ పనివానికి ఆ హక్కు సంఘము కట్టి పోరాడగా వచ్చినది. మన కొండమీది వానికి సంఘమును లేదు, మస్టరును లేదు.

మరికొందరు చదువుకొన్నవారు ఇట్లందురు: గనిపని, అడవిపని లోకమంతట ఎక్కువ గంటల పనియే, అమెరికాలో సయితము అంతే గదా? అవును. అమెరికా ప్రభుత్వపు కార్మిక గణాంక శాఖ నెలనెలకు ప్రకటించు లెక్కలలో ప్రైవేటు ఉద్యోగులందరి సగటు వారమునకు సుమారు 34 గంటలు కాగా, గనులలోను కలప నరుకుటలోను పనిచేయువారి సగటు సుమారు 45 గంటలు. భూమిని త్రవ్వువాడు అక్కడను అందరికంటె ఎక్కువసేపు పనిచేయుచున్నాడు. అయితే ఆ 45 ఎటువంటి గంటలో చూడుము. అవి యజమానుడు కూలి చెల్లించి, వ్రాసి, ప్రభుత్వమునకు చెప్పిన గంటలు. అక్కడి సంఖ్యకును ఇక్కడి సంఖ్యకును పోలిక చెప్పుటకు ఇక్కడ సంఖ్యయే లేదు. మరియు సగటు అనునది కూడ జాగ్రత్తగా పట్టుకొనవలసిన మాట. వానకాలములో నెల దినములు పని లేక కూర్చుండి, వేసవిలో తెల్లవారుమొదలు చీకటివరకు రాయి కొట్టిన వానికి సంవత్సరపు సగటు కట్టితివా, అది నలుబది గంటలుగా చక్కగా కనబడును. వాని వెన్ను విరిగినది సగటు వారములో కాదు, ఆ వేసవి వారములో.

గంటలు ఏల ఇంత ముఖ్యమని అడుగుదువా? రాతి ధూళిలో సిలికా ఉన్నది. అది ఊపిరితిత్తులలో చేరి మచ్చ కట్టించును. దానిని సిలికోసిస్ అందురు. దానిని మాన్పు మందు లేదు. ధూళి తగులకుండ చూచుటయే మార్గము. ఆ రోగము పట్టినవానికి క్షయ కూడ సులువుగా సోకును. ధూళికి శాస్త్రజ్ఞులు పెట్టిన హద్దు ఎనిమిది గంటల పనిదినమునకు సగటు కట్టి చెప్పినది. అదే ధూళిలో పండ్రెండు గంటలు నిలిచినవాడు ఒకటిన్నర రెట్లు పీల్చును. తేరుకొనుటకు పదునారు గంటలకు మారుగా పండ్రెండు గంటలే వానికి మిగులును. డ్రిల్లు చప్పుడుకు చెవి చెడుటయు ఇట్లే గంటలతో పెరుగును. అలసిన చేయి సుత్తిని గురి తప్పించును, అలసిన కన్ను జారుచున్న బండను ఆలస్యముగా చూచును. శరీరమునకు లోడు లెక్క తెలియదు. అది గంటల లెక్కయే ఎరుగును.

అయితే వారే ఎక్కువ గంటలు కోరుకొనుచున్నారు, గంటలు తగ్గించినయెడల వారి కూలియే తగ్గును గదా అని యజమానుడు చెప్పును. ఇది దయగల మాటవలె వినబడును గాని, దీనిలో ఒక ఒప్పుకోలు దాగియున్నది. ఎనిమిది గంటల పనితో కడుపు నిండని రేటు నేను పెట్టితినని ఆయన ఒప్పుకొనుచున్నాడు. రేటు పెట్టినది కూలివాడు కాడు గదా? పని లెక్కన కూలి ఇచ్చినను, దినమునకు నిర్ణయించిన కనీస వేతనమునకు తక్కువ కారాదని 1948నాటి చట్టము చెప్పెను. దాని స్థానమున వచ్చిన 2019నాటి వేతన స్మృతియు అదే చెప్పుచున్నది. దేవుడు మన్నా ఇచ్చిన దినములలో ఏడవ దినమున ఏరుకొనవద్దనెను. ఆరవ దినమున రెండంతలు ఇచ్చెను. విశ్రమింపుమని చెప్పి ఆకలితో విడువలేదు. విశ్రాంతిని ఆజ్ఞాపించినవాడు దానికి కావలసిన ఆహారమును తానే ముందుగా సమకూర్చెను. నీవు ఆజ్ఞను మాత్రము కూలివానికి చదివి వినిపించి, ఆహారమును మరచితివి.

బోధకుడు ఆత్మలనుగూర్చి మాటలాడవలెను గాని గంటలనుగూర్చి ఏల అని అడుగు భక్తులు కూడ ఉన్నారు. వారిని మత్తయి సువార్త ఇరువదియవ అధ్యాయమునకు పంపుచున్నాను. ద్రాక్షతోట యజమానుని ఉపమానములో మన ప్రభువు మూడవ గంట, ఆరవ గంట, తొమ్మిదవ గంట, పదునొకండవ గంట అని వరుసగా చెప్పెను. ఎవడు ఎప్పుడు పనిలోనికి వచ్చెనో ఆ యజమానునికి తెలియును. సాయంకాలము కాగానే అందరికిని కూలి చెల్లించెను. ఒక్క గంట చేసినవానికిని ఒక దినపు భోజనమునకు చాలినంత ఇచ్చెను. పరలోకరాజ్యమును వర్ణించుటకు ప్రభువు కూలివాని గంటలను వాడుకొనుటకు సిగ్గుపడలేదు. నీవేల సిగ్గుపడుదువు? యాకోబు పత్రిక ఐదవ అధ్యాయము చూడుము. బిగపట్టిన కూలియే మొరపెట్టుననియు, ఆ మొర సైన్యములకధిపతియగు ప్రభువు చెవులలో చొచ్చెననియు ఆయన వ్రాసెను. మన మందిరములో వినబడని సుత్తి పరలోకములో వినబడుచున్నది.

2025 ఆగస్టు 3 ఒక ఆదివారము. ఆ ఉదయమున బాపట్ల జిల్లా బల్లికురవ సమీపమున ఒక గ్రానైటు క్వారీలో బండలు విరిగిపడి ఆరుగురు మృతిపొందిరి. వారు ఒరిస్సానుండి పనికి వచ్చినవారు. పత్రికలో ఆ వార్త చదివినప్పుడు నేను తారీఖును మరల చూచితిని. ఆ వేళ మేమందరము మందిరములో నిలిచి స్తుతిగీతము పాడుచుంటిమి. నేను ఎవరిమీదను నేరము మోపుటలేదు. బండ ఏల విరిగెనో చెప్పుటకు నేను అర్హుడను కాను. వారి పల్లెలలో ఏ గంట మ్రోగెనో, ఎవరు ఎదురుచూచుచుండిరో నేనెరుగను. మనము విశ్రమించిన వేళ వారు బండ క్రింద నుండిరి. ఇంతమాత్రము ఎరుగుదును.

కూర్చుండి తింటే కొండలైనా కరుగునని మన పెద్దలు సామెత చెప్పిరి. కొండలు నిజముగానే కరుగుచున్నవి. అయితే కరిగించువాడు కూర్చున్నవాడు కాడు. తినుచున్నవాడు అతడు కాడు.

చదువరీ, చదివి నిట్టూర్చి పత్రికను మూసివేయుదువేమోయని భయపడి, చేయదగిన నాలుగు మాటలు చెప్పెదను. నీవు ఇల్లు కట్టుచున్నావా? రాత్రివేళగాని ఆదివారమునగాని రాయి దింపవద్దని ముందే చెప్పుము, పది దినములు ఆలస్యమైనను ఓర్చుకొనుము. ధర తగ్గించమని అడుగకముందు, ఆ తగ్గింపు ఎవని గంటలలోనుండి తీయబడునో అడుగుము. నీవు మేస్త్రివా, కాంట్రాక్టరువా, క్వారీ యజమానుడవా? పది రూపాయల పుస్తకము ఒకటి కొనుము; ఎవడు ఎప్పుడు కొండ ఎక్కెను, ఎప్పుడు దిగెను, ప్రతిదినము వ్రాయుము. ఆ పుస్తకము తెరచి ప్రార్థన చేయగలవా చూడుము. చేయలేకపోయినయెడల రేటు మార్చుము. నీవు చదువుకొన్న యువకుడవా? 48 అను సంఖ్యను, రెట్టింపు కూలి అను మాటను నీ పేటలోని పనివారికి చెప్పుము. కార్మికశాఖ అధికారికి అర్జీ వ్రాయవలసివచ్చినయెడల కలము నీవు పట్టుకొనుము.

నీవు సంఘపెద్దవా? రానివారి పేర్లు చదువుటకు ముందు, వారు ఎక్కడ ఉన్నారో పోయి చూచి రమ్ము. ఉదయపు ఆరాధనకు రాలేనివారికొరకు రాత్రి ఆరాధన పెట్టుము. వారు దుమ్ముతోనే రానిమ్ము. మందిరపు చాపలు దులుపుకొనవచ్చును. మందిరపు ఖర్చుల చిట్టాలో సిమెంటు, ఇసుక, ఇనుము అని వ్రాయుచున్నావు గదా. అందులో ఒక వరుస గంటలకు కూడ ఉంచుము.

మేము చేసిన ఆ తీర్మానమును మరుసటి కూటములోనే కొట్టివేసితిమి. ఆ సహోదరునియొద్దకు పెద్దలమందరము పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆయన తలవంచుకొని నిలిచెను గాని ఏమియు అనలేదు. వ్రేళ్లు మానినవి, ఒక వ్రేలు మాత్రము వంగదు. ప్రహరీగోడ నిలిచియే ఉన్నది. దానిని ప్రతిష్ఠించినవారి పేర్లు పలకమీద చెక్కబడియున్నవి. నా పేరును ఉన్నది. రాయి కొట్టినవాని పేరు లేదు. ప్రతి ఆదివారము దాని ప్రక్కగానే లోపలికి పోవుచున్నాను.

ప్రభువా, దినములను మాకు నేర్పినవాడవు నీవే. మేము వినని చప్పుడును నీవు వినుచున్నావు. మా చెవులను కొండవైపు త్రిప్పుము. మేము విశ్రమించునట్లు మా పనివానిని విశ్రమింపనిచ్చు మనస్సును, దానికి తగిన కూలి ఇచ్చు చేతిని మాకు దయచేయుము. ఆమేన్.